ఐదు పుస్తకాలూ అయిపోయినయ్, ఇప్పుడేం చదవాలి అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మార్టిన్ రాసిన గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్ ఐదు పుస్తకాలూ చదివేసినవ్, ఐదోది 2011లో వచ్చింది, అప్పట్నుంచి ఆరోదాని కోసం అందరిదీ ఎదురుచూపే. మధ్యల ఎవరో చెప్పిన్రని ఇంకో డార్క్ ఫాంటసీ, అంటే మంత్రాలు, రాజ్యాలు ఉండే చీకటి కథ, మొదలుపెడితే పేజీకో తల తెగుడు తప్ప అందులో ఏం లేదని అరవై పేజీలకే పక్కన పెట్టినవ్. "అక్కా, చీకటి కావాలి గానీ ఖాళీగా ఉండొద్దు" అన్నవ్. ఇంగ్లీష్ మెల్లగా చదువుతా అన్నవ్, చివర్ల తొమ్మిదో తరగతి చదివే మీ చెల్లెకి ఏమియ్యొచ్చో కూడా అడిగినవ్. అన్నిటికీ చెప్త, జర పొడుగైతది, తీరిగ్గా చదువుకో.

నేను ఈ రకం పుస్తకాలు చదవబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ముందు బస్సుల, ఇప్పుడు హబ్సిగూడ నుంచి రాయదుర్గం దాకా మెట్రోల, పోయేటప్పుడు గంటకి కొంచెం అటూఇటూ, వచ్చేటప్పుడు అంతే, సీటు దొరికితే పుస్తకం, నిలబడాల్సి వస్తే కిండిల్. ఇన్నేళ్లల్ల నాకు గట్టిగా తెలిసింది ఒక్కటుంది, నువ్వు అడిగిన దానికి జవాబు కూడా అదే. డార్క్ ఫాంటసీ పుస్తకం ఎంచుకునేటప్పుడు అందులో ఎంత రక్తం ఉంది, ఎంతమంది చస్తరు అని చూడొద్దు, ఆ కథ ఎవరి నోట వింటున్నమో చూడు. మార్టిన్ పుస్తకాలు నీకెందుకు ఎక్కినయో ఆలోచించు. దాదాపు ప్రతి అధ్యాయం మీద ఒక మనిషి పేరుంటది, ఆ మనిషి కళ్లతోనే చూస్తం, అందుకే నెడ్ స్టార్క్ తల తెగినప్పుడు మనకి అంత దెబ్బ తగిలింది, అప్పటిదాకా ఆయన లోపల కూర్చొని ఉన్నం కాబట్టి. నువ్వు పక్కన పెట్టిన పుస్తకంల తలలు తెగినయ్ గానీ ఆ తలల్లో ఒక్కదాని లోపలికి కూడా నిన్ను పోనియ్యలేదు, అందుకే ఖాళీ అనిపించింది.

ఇంకోటి, వెతుకుతుంటే నీకు గ్రిమ్‌డార్క్ అనే మాట మస్తు కనిపిస్తది. అది వార్‌హ్యామర్ 40,000 అని 1987లో మొదలైన బొమ్మల యుద్ధం ఆట ఉంది, దాని మీద రాసే ఒక లైన్ నుంచి పుట్టిన మాట. ఇప్పుడు మంచోడు అనేవాడే లేని, గెలిచినా లాభం లేని కథలన్నిటికీ ఆ మాటే వాడుతున్నరు. గ్రిమ్‌డార్క్ అన్న ముద్ర ఉన్నదల్లా నీకు నచ్చదు, దాన్ని చూసి కొనకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. నువ్వు ఒక్కటే కొనేటట్టయితే ది బ్లాక్ కంపెనీ కొను. గ్లెన్ కుక్ రాసింది, 1984. డబ్బులకి యుద్ధం చేసే ఒక కూలి సైన్యం కథ ఇది. కథ చెప్పేది ఆ సైన్యం డాక్టరు, పేరు క్రోకర్, వైద్యంతో పాటు ఆయనకి ఇంకో డ్యూటీ కూడా ఉంటది, కంపెనీ దినచర్య రాసుడు. ఎవరు చచ్చిపోయిన్రు, ఎక్కడ కొట్లాడినం, ఎవరికి అమ్ముడుపోయినం, అంతా ఆయనే రాయాలి. వాళ్లని కిరాయికి తీసుకునేది ఎవరనుకున్నవ్, వేరే పుస్తకాలల్ల అయితే విలన్ అయ్యే మనిషి, లేడీ అంటరు, శతాబ్దాల పాటు సమాధిల ఉండి లేచొచ్చిన మహా మాంత్రికురాలు. అంటే మనం మొత్తం కథ చెడ్డ వైపు నిలబడి చూస్తం. అయినా క్రోకర్ చెడ్డోడు కాదు, మంచోడని కూడా గట్టిగా అనలేం, తన పక్కనోణ్ని బతికించుకుందాం, జరిగింది జరిగినట్టు రాద్దాం అనుకునే మనిషి. ఆ రాసే దగ్గర కూడా తన వాళ్లు చేసిన ఘోరాలు కొన్ని నేను రాయట్లేదు అని ఆయనే ఒప్పుకుంటడు. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూర్చున్న, ఎందుకంటే ఒక నెత్తుటి సీను మొత్తం వర్ణించినా రాని భయం "ఇది నేను రాయను" అన్న ఒక్క మాటకి వచ్చింది.

కుక్ అమెరికా నేవీల పనిచేసిండు, తర్వాత ఏళ్ల తరబడి జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీల పనిచేసుకుంటనే నవలలు రాసిండు. ఆ సంగతి పుస్తకంల కనిపిస్తది. సైనికులు ఎప్పుడూ పెద్దపెద్ద ఆశయాల గురించి మాట్లాడరు, పేకాట ఆడతరు, వానల తడిసిన బూట్ల గురించి తిట్టుకుంటరు, గాబ్లిన్, వన్-ఐ అని ఇద్దరు చిన్న మాంత్రికులు ఉంటరు, ఎప్పుడూ ఒకళ్ల మీద ఒకళ్లు చిల్లర మంత్రాలు వేసుకుంట కొట్లాడుతరు. షిఫ్ట్ పని చేసిన ఎవరికైనా ఆ మాటలు తెలిసినట్టే ఉంటయి. వాక్యాలు పొట్టిగా ఉంటయి, డిక్షనరీతో పెద్దగా పని పడదు, కాబట్టి నీ ఇంగ్లీష్ భయానికి కూడా ఇదే మందు. ఒక్క చిక్కు ఏందంటే ఆయన ఏదీ ఆగి వివరించడు, మొదటి అధ్యాయంల ఏ ఊరో, ఏ దేశమో అర్థం కాకుండనే కథల పడేస్తడు. కంగారుపడకు, రెండో అధ్యాయానికి కుదురుకుంటది. మొదటి మూడు పుస్తకాలు కలిపి ఒకటే సంపుటంగా కూడా దొరుకుతయి, క్రానికల్స్ ఆఫ్ ది బ్లాక్ కంపెనీ అని, ఆ మూడూ చదివితే ఒక కథ పూర్తిగా ముగుస్తది, తర్వాతవి నీ ఇష్టం.

దాని తర్వాత జో అబర్‌క్రాంబీ. ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్ 2006లో వచ్చింది, బిఫోర్ దే ఆర్ హ్యాంగ్డ్ 2007, లాస్ట్ ఆర్గ్యుమెంట్ ఆఫ్ కింగ్స్ 2008, మూడూ రాసేసిండు, కాబట్టి మార్టిన్ దగ్గర లెక్క ఎదురుచూసే బాధ లేదు. ఈయన రాయకముందు సినిమా ఎడిటర్‌గా పనిచేసిండు, సీను ఎక్కడ కట్ చెయ్యాలో బాగా తెలిసిన మనిషి. ఇందులో గ్లోక్టా అని ఒకడుంటడు. ఒకప్పుడు రాజ్యంలనే పేరున్న కత్తి వీరుడు, అందగాడు, శత్రువులకి దొరికి రెండేళ్లు జైల్ల చిత్రహింసలు పడి వచ్చిండు, ఇప్పుడు తనే ఇంకొకళ్లని చిత్రహింస పెట్టి నిజాలు కక్కించే ఉద్యోగం చేస్తున్నడు. వాడి పళ్లు ఎట్ల పీకిన్రో తెలుసా, పైన పన్ను ఉన్న చోట కింద లేకుండ, కింద ఉన్న చోట పైన లేకుండ, అంటే పళ్లున్నా ఏదీ నమలలేడు, మెత్తటిదే తినాలె. ఇంక మెట్లు. ఈ లోకంల అన్నిటికంటే వాడు ద్వేషించేది మెట్లని. ఎవరింటికి పోయినా, ఏ ఆఫీసుకు పోయినా ముందు మెట్లు లెక్కపెడతడు, ఒక్కో మెట్టుకి కాలు ఈడ్చుకుంట లోపల ఏమనుకుంటడో మనకి వినిపిస్తనే ఉంటది. మా నాయినకి మోకాలు ఆపరేషన్ అయినంక మేముండే అపార్ట్‌మెంట్‌ల లిఫ్ట్ చెడిపోయి పదిరోజులు బాగుచెయ్యలేదు, ఆయన మూడో అంతస్తు దాకా రెయిలింగ్ పట్టుకొని ఎక్కుతుంటే నాకు గ్లోక్టానే గుర్తొచ్చిండు, ఆ రోజు సాయంత్రం పుస్తకం తీసి ఆ పేజీలు మళ్లా చదివిన. అంత దుర్మార్గుడి నొప్పి మన సొంత ఇంటి నొప్పి లెక్క అనిపించిందంటే రాసినోడి చెయ్యి ఎంత గట్టిదో చూడు.

మొదటి పుస్తకం నిదానం, ముందే చెప్తున్న. మొత్తం మనుషుల్ని పరిచయం చేసుడే, పెద్ద కథ రెండోదాంట్ల కదులుతది. అంత ఓపిక లేకపోతే ది హీరోస్ ఉంది, 2011ది, ఒక గుట్ట కోసం మూడు రోజులు జరిగే యుద్ధం, మొత్తం పుస్తకం అంతే, రెండు వైపుల మనుషుల్నీ చూపిస్తడు. విడిగా చదవొచ్చు గానీ ముందు మూడూ అయినంక చదివితే పాత మనుషులు తగులుతయి, ఆ సంతోషం వేరు.

విచర్ సంగతి, అంటే డబ్బులకి రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్ అనే మనిషి కథలు. గేమ్ ఆడినోళ్లు, సిరీస్ చూసినోళ్లు చాలామంది పుస్తకాలు కూడా మొదలుపెట్టి మధ్యల వదిలేస్తరు, కారణం వరుస తప్పుడే. సప్కోవ్‌స్కీ పోలండ్ రచయిత, మొదటి కథ 1986లో అక్కడి ఒక పత్రికల పోటీకి రాసింది. మొదట చదవాల్సింది ది లాస్ట్ విష్, తర్వాత స్వోర్డ్ ఆఫ్ డెస్టినీ, ఈ రెండూ కథల సంపుటాలు, వాటి తర్వాతనే నవలలు, అందులో మొదటిది బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్. అయితే ఇంగ్లీష్‌ల లాస్ట్ విష్ 2007లో, బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్ 2008లో వచ్చేసినయ్, మధ్యల ఉండాల్సిన స్వోర్డ్ ఆఫ్ డెస్టినీ మాత్రం 2015 దాకా రాలేదు. నేను ఆ గ్యాప్‌లనే చదివిన, గెరాల్ట్‌కీ సిరి అనే ఆ పిల్లకీ అంత బంధం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాక ఏడేళ్లు అట్లనే ఉన్న. నీకు ఆ కష్టం లేదు, వరుసగా చదువు.

లాస్ట్ విష్ నీకెందుకు చెప్తున్ననంటే అది కథల పుస్తకం, మెల్లగా చదివేటోడికి ఒక్కో కథ ఒక్కో రాత్రికి సరిపోతది. పైగా ఇవి మనం చిన్నప్పుడు విన్న రాకుమారి కథలే, లోపల్నుంచి తిరగేసినయ్. లెస్సర్ ఈవిల్ అనే కథల గెరాల్ట్ దగ్గరికి ఒక మాంత్రికుడొచ్చి ఆ అమ్మాయిని చంపు అంటడు, ఆ అమ్మాయొచ్చి మాంత్రికుణ్ని చంపు అంటది, ఇద్దరి మాటల్లనూ నిజం ఉంటది. ఎటూ ఉండను అనుకున్న మనిషిని చివరికి ఎటో ఒకటి ఉండక తప్పని చోటికి తెస్తడు రచయిత. సంతల జనం ఆయన మీద రాళ్లు విసురుతరు, వాళ్లకి ఆయన చేసిన పని కనపడ్డది గానీ ఎందుకు చేసిండో కనపడలేదు. చిన్నప్పుడు విక్రమార్కుడి భుజం మీద శవంల నుంచి బేతాళుడు ప్రశ్న అడిగితే మనం కూడా ఆలోచించేటోళ్లం కదా, తప్పెవరిది అని. ఈ కథలు అట్ల అడుగుతయి, జవాబు చెప్పడానికి మాత్రం విక్రమార్కుడు ఉండడు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ది పాపీ వార్, ఆర్.ఎఫ్. క్వాంగ్, 2018. పుస్తకం వచ్చేటప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. రిన్ అనే అనాథ పిల్ల, నల్లమందు అమ్ముకునే పెంపుడు ఇంట్ల పెరుగుతది, వాళ్లు ఒక వయసు మీదపడ్డాయనకిచ్చి పెళ్లి చేద్దామనుకుంటే తప్పించుకోవడానికి దేశం మొత్తానికి ఒక్కటే ఉండే పరీక్షకి కూర్చుంటది. నిద్ర రాకుండ చేతి మీద కొవ్వొత్తి మైనం చుక్కలు వేసుకుంట చదువుతది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీల పొద్దున గేటు తీయకముందే బ్యాగులు పెట్టుకొని నిలబడే గ్రూప్స్ పిల్లల్ని చూసినవ్ కదా, వాళ్లల్ల ఎవరికి ఈ మొదటి యాభై పేజీలు ఇచ్చినా కళ్లల్ల నీళ్లు తిరుగుతయి. తర్వాత సైనిక కాలేజీ, గురువులు, స్నేహాలు, అంతా హాయిగా నడుస్తది, స్పీడుగా చదివిస్తది, ఇంగ్లీష్ కూడా సులువు. అక్కడే చాలామంది మోసపోతరు, ఇది పిల్లల స్కూల్ కథ అనుకుంటరు.

సగం దాటినంక యుద్ధం వస్తది. ఆమె దాన్ని చైనా-జపాన్ యుద్ధం మీద కట్టింది, 1937లో నాంజింగ్ నగరంల జరిగిన మారణకాండ దాదాపు ఉన్నదున్నట్టు పుస్తకంల ఉంటది, ఊరి పేరు వేరే. ఆ అధ్యాయం నేను ఒక్కసారే చదివిన, రెండోసారి పుస్తకం చదివినప్పుడు ఆ పేజీలు దాటేసిన. ఆడోళ్ల మీద, పసిపిల్లల మీద జరిగిన ఘోరాలు ఉంటయి, ఊహించి రాసినవైతే నేనే వద్దనేదాన్ని, కానీ అట్లాంటివి నిజంగా జరిగినయ్, ఆమె ఎక్కడా రుచి కోసం రాయలేదు. నీకు మనసు బాగలేని రోజుల్లల ఇది పట్టుకోవద్దు. పట్టుకుంటే మాత్రం మూడూ చదువు, ది డ్రాగన్ రిపబ్లిక్, ది బర్నింగ్ గాడ్, ఎందుకంటే అసలు భయం శత్రువు చేసిందాంట్ల లేదు, అది చూసినంక రిన్ ఏమైపోయిందో దాంట్ల ఉంది, మనం ఇష్టపడ్డ పిల్ల చేతుల్లనే అదే నిప్పు చూస్తం.

ది ఫిఫ్త్ సీజన్, ఎన్.కె. జెమిసిన్, 2015. ఈ సిరీస్ మూడు పుస్తకాలకీ 2016, 2017, 2018 వరుసగా మూడేళ్లు, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో ఉత్తమ నవల అవార్డు వచ్చింది, అంతకు ముందు అట్ల ఎవరికీ రాలేదు. భూమే మనుషుల మీద పగబట్టినట్టు ఉండే లోకం, కొన్ని వందల ఏళ్లకోసారి ప్రళయం లాంటి కాలం వస్తది, దాన్నే ఐదో ఋతువు అంటరు. భూకంపాల్ని ఆపగలిగే మనుషులు కొందరుంటరు, లోకానికి వాళ్లే కావాలె, లోకం అసహ్యించుకునేది కూడా వాళ్లనే. మొదటి పేజీల్లనే ఒక తల్లి తన పసికొడుకు శవం దగ్గర కూర్చొని ఉంటది, కొట్టి చంపింది ఆ పిల్లగాడి తండ్రే. ఆ తల్లి కథ మొత్తం "నువ్వు" అని నడుస్తది. నువ్వు లేచినవ్, నువ్వు తలుపు తీసినవ్, అట్ల. నాకు అప్పటికి మా బాబుకి నాలుగేళ్లు, మెట్రోల చదువుతున్నదాన్ని తార్నాక దాటకముందే పుస్తకం సంచిల పెట్టేసిన, మళ్లా తీయడానికి ఎనిమిది నెలలు పట్టింది. తీసినంక మూడు పుస్తకాలూ ఆపకుండ చదివిన. ఇంగ్లీష్ మాత్రం కష్టం, కొత్త మాటలు చాలా ఉంటయి, వెనకాల పదాల పట్టిక ఉంది, దాని మీద ఒక బుక్‌మార్క్ పెట్టుకో. ఇది నీ నాలుగోదో ఐదోదో కావాలి, మొదటిది కావొద్దు.

ఒక్క పుస్తకంతో అయిపోవాలి, సిరీస్ వద్దు అనుకుంటే బిట్వీన్ టూ ఫైర్స్, క్రిస్టఫర్ బ్యూల్‌మన్, 2012. కథ 1348లో, ఫ్రాన్స్‌ల ప్లేగు ఊళ్లకి ఊళ్లు తుడిచేస్తున్నప్పుడు. పరువు పోయి దోపిడీగాళ్లల్ల కలిసిన ఒక సైనికుడు, ప్లేగుతో పోయిన తండ్రిని పాతిపెట్టడానికి ఎవరన్నా సాయం రండి అని అడిగే ఒక చిన్న పిల్ల, ఇద్దరూ కలిసి అవిన్యాన్ దాకా నడుస్తరు, పైన దేవదూతలకీ స్వర్గం నుంచి పడిపోయిన దూతలకీ యుద్ధం నడుస్తుంటది. నేను దీన్ని 2021 మే నెలల చదివిన, మా వీధిల రోజూ అంబులెన్స్ చప్పుడు వినబడే రోజులవి. చార్మినార్ కూడా ఊరిని పట్టిన మహమ్మారి పోయినందుకే 1591లో కట్టిన్రని మనోళ్లు చెప్పుకుంటరు కదా, ఆ కథ చిన్నప్పట్నుంచి విన్న గానీ ఈ పుస్తకం చదివినంకనే అట్ల కట్టుకోవాలని మనుషులకి ఎందుకు అనిపిస్తదో తెలిసింది. భయంకరమైన సీన్లు ఉన్నయి, అయినా ఇందులో ఉన్నంత దయ పైన చెప్పిన వాటిల్ల దేంట్లనూ లేదు. బ్లాక్ కంపెనీ నచ్చినోళ్లకి ఇది తప్పకుండ నచ్చుతది.

ఇప్పుడే వద్దు అనేవి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవర్నడిగినా నీకు ఇవే ముందు చెప్తరు. స్టీవెన్ ఎరిక్సన్ రాసిన మలజాన్ గొప్పదే, 1999 నుంచి 2011 దాకా పది లావు పుస్తకాలు, రాసినాయన పురావస్తు శాస్త్రం చదివిన మనిషి కాబట్టి ప్రతి రాయి కింద ఒక చరిత్ర ఉంటది, కానీ మొదటి పుస్తకం గార్డెన్స్ ఆఫ్ ది మూన్ దగ్గరే సగం మంది ఆగిపోతరు. రెండోది డెడ్‌హౌస్ గేట్స్ మాత్రం నా ప్రాణం, అందులో ఒక సేనాని వేల మంది కాందిశీకుల్ని వెంటబెట్టుకొని ఎడారి దాటిస్తడు, ఆ నడకని మనకి చెప్పేది డ్యూకర్ అనే ముసలి చరిత్రకారుడు, చూడు, మళ్లా రాసే మనిషే. రెండేళ్ల తర్వాత పట్టుకో. మార్క్ లారెన్స్ ప్రిన్స్ ఆఫ్ థార్న్స్ చిన్నది, స్పీడుది, కానీ కథ చెప్పే పిల్లగాడే ఊళ్లు తగలబెట్టే రకం, నువ్వు ఇప్పుడే ఒకదాన్ని విసుగొచ్చి పక్కన పెట్టినవ్ కాబట్టి కొన్నాళ్లు ఆగు. ఆర్. స్కాట్ బేకర్ పుస్తకాలు నేను మెచ్చుకుంట, ఎవరికీ ఇవ్వను, తత్వశాస్త్రం పాఠం లెక్క బరువు, చీకటి కూడా ఊపిరాడనియ్యదు. రాబిన్ హాబ్ అసాసిన్స్ అప్రెంటిస్ దీనికి ఉల్టా, నెత్తురు తక్కువ, ఏడుపు ఎక్కువ, 1995ది, ఎప్పుడైనా చదవొచ్చు. మూర్‌కాక్ ఎల్‌రిక్ కథలు 1961ల మొదలైనయ్, ఆత్మల్ని తాగే కత్తి పట్టుకున్న జబ్బు మనిషి, వీళ్లందరికీ తాత లాంటోడు, పొట్టి పుస్తకాలు, ఒకటి చదివి చూడు.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ చెప్పకుండ ఉండలేను. తెలుగుల డార్క్ ఫాంటసీ ఏదీ లేదని చాలామంది అంటరు, వాళ్లల్ల ఒక్కరు కూడా సౌప్తిక పర్వం చదివి ఉండరు. మన తెలుగు భారతంల విరాట పర్వం నుంచి చివరి దాకా తిక్కన రాసిండు, ఇది కూడా ఆయనదే. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నడు, యుద్ధం అయిపోయింది, మిగిలింది ముగ్గురే, అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ, రాత్రి అడవిల మర్రిచెట్టు కింద పడుకుంటరు. ఇద్దరికి నిద్ర పట్టింది, అశ్వత్థామకి పట్టలేదు. పైన కొమ్మల్ల కాకులు నిద్రపోతున్నయ్. చప్పుడు చెయ్యకుండ ఒక గుడ్లగూబ వచ్చి ఒక్కొక్క కాకిని చంపుతది, రెక్కలు తుంచి, మెడలు తెంపి, చెట్టు కింద నేలంతా నింపుతది. అశ్వత్థామ పండుకొని అది మొత్తం చూస్తడు. తర్వాత లేచి మిగతా ఇద్దరినీ లేపుతడు. వద్దు, పొద్దున దాకా ఆగు అని కృపుడు ఎంత చెప్పినా వినడు. శిబిరంల నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ని కాళ్లతో తొక్కి చంపుతడు, ఆయుధంతో చంపు, వీర మరణమన్నా దక్కనియ్యి అని ఆయన అడిగినా దక్కనియ్యడు. బయటికి ఉరికొచ్చినోళ్లని గేటు దగ్గర కృపుడు, కృతవర్మ నరుకుతరు, వద్దన్న ఆ కృపుడే. ఇదంతా గుడ్డి ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్తున్నడు కదా, వ్యాస భారతంల ఈ రాత్రి గడిచి దుర్యోధనుడి ప్రాణం పోయినంక సంజయుడు ఒక మాట అంటడు, నీ కొడుకుతో పాటే నాకున్న దివ్యదృష్టి కూడా పోయింది రాజా అని. కథ చెప్పే మనిషికి చూపు పోతది. ఇన్ని పుస్తకాలు చదివిన, ఇట్లాంటి దెబ్బ ఇంకెక్కడా చూడలేదు. తిక్కన పద్యాలు కష్టం అనుకుంటే తాత్పర్యంతో ఉన్న టీటీడీ సంపుటాలు ఉన్నయి, లైబ్రరీల అడుగు.

పుస్తకాలు దొరికే సంగతి. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అబర్‌క్రాంబీ, సప్కోవ్‌స్కీ తరచుగా కనిపిస్తయి, మార్టిన్ అయితే ప్రతి కుప్పలనూ ఉంటడు. కుక్ చాలా అరుదు, కనిపిస్తే బేరం ఎక్కువ చెయ్యకుండ తీసుకో. డిసెంబర్‌ల బుక్ ఫెయిర్‌ల కూడా పాత ఇంగ్లీష్ పుస్తకాల స్టాళ్లల్ల జర ఓపికగా అడుగు వరుస దాకా వెతుకు, ఫాంటసీ ఎప్పుడూ పిల్లల పుస్తకాల కింద పడి ఉంటది. పాతవి కొనేటప్పుడు ఒక్క పని మర్చిపోకు, చివరి పేజీలు లెక్క చూసుకో. నా మొదటి బ్లాక్ కంపెనీ అట్లనే ఒక కుప్పల దొరికింది, వానల తడిసి వెనక అట్ట ఊడిపోయింది, దాంతో పాటు చివరి పదహారు పేజీలు కూడా పోయినయ్, అది నేను ఆఖరి యుద్ధం మధ్యల ఉన్నప్పుడు తెలిసింది. అమ్మినాయన్ని తర్వాత వారం అడిగితే పాపం ఆయనకీ తెల్వదు, ఇంకో పుస్తకం ఊరికే ఇచ్చిండు. ఆ పదహారు పేజీల కోసం నేను నాలుగు నెలలు తిరిగిన. కిండిల్‌ల కొంటే ముందు శాంపిల్ దించుకొని చదువు, నీకు కథ చెప్పే గొంతు నచ్చిందా లేదా అనేది ఆ పేజీల్లనే తెలిసిపోతది, నచ్చకపోతే ఎవరు ఎంత మెచ్చుకున్నా కొనకు.

వరుస చెప్పాలంటే, బ్లాక్ కంపెనీ మూడూ, మధ్య మధ్యల రాత్రికో లాస్ట్ విష్ కథ, తర్వాత అబర్‌క్రాంబీ మూడూ, అక్కడ ఒక నెల ఆగి బిట్వీన్ టూ ఫైర్స్, ఆ పైన నీ మనసు ఎట్లుంటే అట్ల పాపీ వార్ గానీ ఫిఫ్త్ సీజన్ గానీ.

చెల్లె సంగతి. పాపీ వార్ అట్ట మీద అమ్మాయి బొమ్మ చూసి అదే కావాలంటది, ఇయ్యకు, ఇంకో నాలుగేళ్లు ఆగమను, ఎందుకో దాచకుండ చెప్పు, ఆ వయసుకి అర్థమైతది. పైన చెప్పిన వాటిల్ల తనకి ఇవ్వగలిగింది అసాసిన్స్ అప్రెంటిస్ ఒక్కటే, అది కూడా నువ్వు ముందు చదివినంక. తెలుగు చదువుతదంటే ఇంకా మంచిది, పాత చందమామల్ల దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ ఉన్నయి, రాకాసి లోయ, పాతాళ దుర్గం, శిథిలాలయం, మాంత్రికులు, పుర్రెలు, పాడుబడ్డ గుళ్లు, అడవి తెగలు, వాటికి చిత్రా గారి బొమ్మలు. మా బాబుకి ఇప్పుడు పదేళ్లు, రాత్రి రెండు భాగాలకి మించి చదవను అని నేనంటే మూడోది వాడే గట్టిగా చదువుకుంటున్నడు, నిన్న రాకాసి లోయ దగ్గర ఉన్నం.